మాస్ బ్యాలెన్స్ కుదరని రెజ్యూమే

మా బ్రాంచిలో ఫైనలియర్ వాళ్లం 60 మందిమి. పోయిన జులైలో ప్లేస్‌మెంట్ సెల్ నుంచి మెసేజ్ వచ్చింది, శుక్రవారం సాయంత్రం 5 లోపు రెజ్యూమే పీడీఎఫ్ పంపాలని. గురువారం రాత్రి 11 గంటలకి హాస్టల్ రెండో అంతస్తులో ఒకటే హడావిడి. ఒక సీనియర్ అన్న పంపిన వర్డ్ ఫైలు గ్రూపులో పడింది. తెల్లారేసరికి 60 రెజ్యూమేలు రెడీ. పేరు మార్చారు, సీజీపీఏ మార్చారు, ఫొటో మార్చారు, మిగతాదంతా అన్నదే. ఒకడైతే అన్న ఫోన్ నంబరు మార్చడం కూడా మర్చిపోయాడు. హెచ్ఆర్ వాళ్లు ఫోన్ చేస్తే, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న అన్న లేచి "నాకు ఆల్రెడీ జాబ్ ఉంది మేడమ్" అన్నాడట.

వారం రోజులు దాని మీద నవ్వుకున్నాం. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. నా రెజ్యూమే కూడా ఆ 60లో ఒకటి. కాకపోతే నేను ఫోన్ నంబరు మార్చాను, అంతే తేడా.

ఈ వ్యాసం జూనియర్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా కెమికల్ చదువుతూ, సాఫ్ట్‌వేర్ వైపు కాకుండా ప్లాంటులోకి వెళ్దామనుకుంటున్న వాళ్ల కోసం. "రెజ్యూమే ఇలా రాయాలి" అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఫాంటు ఏది, మార్జిను ఎంత అన్నవి అక్కడే చూసుకోవచ్చు. నేను చెప్పదలుచుకున్నది వేరు. చేయనిది చేశానని రాయడం ఎవరికైనా తప్పే. ప్రాసెస్ ఇంజనీరు కాబోయేవాడికి మాత్రం అది వృత్తిలో మొదటి తప్పు అవుతుంది. ఎందుకంటున్నానో నాకు జరిగింది చెబితే అర్థమవుతుంది.

500 డిగ్రీలు

ఆ అన్న ఫైలులో ప్రాజెక్టుల కింద ఒక లైను ఉంది. ‘హైసిస్‌లో క్రూడ్ డిస్టిలేషన్ యూనిట్ సిమ్యులేషన్ చేసి, దిగుబడి పెంచాను’ అని. అన్న నిజంగానే చేశాడు, అది ఆయన మేజర్ ప్రాజెక్టు. నేను ఆ లైను ఉంచేశాను. మా సిమ్యులేషన్ ల్యాబులో నేను చేసింది ఒక ఫ్లాష్ డ్రమ్, ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్, బెంజీన్–టోలీన్ కాలమ్ ఒకటి. అయితే క్రూడ్ యూనిట్ అంటే బరువుగా ఉంటుంది కదా. దాని కింద ఇంకో లైను, ‘సమ్మర్ ఇంటర్న్‌షిప్ – ప్రాసెస్ ఇండస్ట్రీ, 8 వారాలు’. అది డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్. ఆ 8 వారాల్లో నేను హాజరైంది మూడు ఆన్‌లైన్ క్లాసులకి. అందులో ఒకటి మ్యూట్‌లో పెట్టి పడుకున్నాను.

ఆగస్టులో మొదటి ఇంటర్వ్యూ. ప్యానెల్లో ఇద్దరు. ఒకాయనకి జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, రిఫైనరీలో చాలాకాలం పనిచేశారని తర్వాత తెలిసింది. రెజ్యూమే చూసి ఆయన ముఖంలో నిజంగానే ఆసక్తి కనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేసేది అందుకే.

"ఫ్లూయిడ్ ప్యాకేజీ ఏం తీసుకున్నావ్?" అన్నారు.

"పెంగ్–రాబిన్సన్ సార్." ఇది వీడియోలో చూసి పెట్టుకున్నదే.

"మంచిది. ఫర్నేస్ అవుట్‌లెట్ ఉష్ణోగ్రత ఎంత ఇచ్చావ్?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి లేదు, చేశానని రాశాను కాబట్టి. క్రూడ్ ఆయిల్ కదా, చాలా వేడి ఉండాలనుకుని "500 డిగ్రీలు సార్" అన్నాను.

ఆయన కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి, "350, 370 దగ్గర ఆపుతాం బాబూ. ఎందుకో తెలుసా?" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. అంతకు మించి వేడి చేస్తే క్రూడ్ విరిగిపోవడం మొదలవుతుంది, ట్యూబుల్లో కోక్ పేరుకుంటుంది. కోక్ పేరుకుంటే ట్యూబుకి వేడి దాటదు, ట్యూబు లోహమే కాలిపోతుంది. అందుకే అడుగున మిగిలిన బరువైన భాగాన్ని ఇంకా వేడి చేయకుండా వ్యాక్యూమ్ కాలమ్‌కి పంపి, ఒత్తిడి తగ్గించి మరిగిస్తారు. ఇదంతా మా సిలబస్‌లో ఉన్నదే. పెట్రోలియం రిఫైనింగ్ పేపర్లో నాకు 71 మార్కులు వచ్చాయి కూడా.

తర్వాత ఆయన మాట మార్చారు. బహుశా నా ముఖం చూసి జాలిపడి ఉంటారు. "నాన్నగారు ఏం చేస్తారు?"

"చక్కెర ఫ్యాక్టరీలో ఆపరేటర్ సార్."

"ఏ సెక్షన్?"

"ఇవాపరేటర్ సార్. క్వాడ్ మీద ఉంటారు."

ఆయన ముందుకి వంగారు. "నువ్వెప్పుడైనా చూశావా అది?"

"చిన్నప్పటి నుంచీ చూస్తున్నా సార్. పోయిన సంక్రాంతి సెలవుల్లో రోజూ వెళ్లాను."

"మరి ఇందులో ఎక్కడా లేదేం?" అని రెజ్యూమే నా వైపు తిప్పారు.

దానికీ నా దగ్గర జవాబు లేదు. అసలు జవాబు నాకు తెలుసు గానీ, పైకి చెప్పేది కాదు. నాన్న ఆపరేటర్. నీలం యూనిఫాం, బెల్లపు వాసన, సీజన్లో మూడు షిఫ్టులు. నేను ఇంజనీరు కాబోతున్నాను. ఆ రెండూ ఒకే కాగితం మీద ఉండకూడదని నాకు నేనే అనేసుకున్నాను. అలా ఉన్న నిజాన్ని తీసేసి, లేనిదాన్ని రాశాను.

ఆ ఉద్యోగం రాలేదు. రాకూడదు కూడా.

పెట్టెలో ఉన్న నోట్‌బుక్

అనకాపల్లి వైపు వాళ్లకి చెరకు సీజన్ గురించి నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కలు. చెరకు పిండితే వచ్చే రసాన్ని సున్నం, గంధకపు పొగతో శుభ్రం చేస్తారు. ఆ రసంలో 100కి 15 పాళ్లే కరిగిన ఘనపదార్థం, దాన్నే 15 బ్రిక్స్ అంటారు. మిగతాది నీళ్లు. ఆ నీటిని ఇవాపరేటర్లో మరిగించి 60 బ్రిక్స్ సిరప్ చేస్తారు. సిరప్ పాన్‌లోకి వెళ్లి పలుకు కడుతుంది.

ఫస్టియర్ పిల్లలు కూడా వేయగల లెక్క ఇది. 100 కిలోల రసంలో 15 కిలోల ఘనపదార్థం. అది 60 శాతం కావాలంటే మొత్తం సిరప్ 25 కిలోలు ఉండాలి. అంటే 75 కిలోల నీళ్లు ఎగిరిపోవాలి. నాలుగు బాడీలు వరసగా ఉండి, ఒకదాని ఆవిరి రెండోదాన్ని మరిగిస్తుంది కాబట్టి, ఒక కిలో స్టీమ్‌తో నాలుగు కిలోలకి కాస్త తక్కువగా నీళ్లు ఎగరగొట్టొచ్చు. క్వాడ్ అన్న పేరు అందుకే.

నేను థర్డ్ ఇయర్లో సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఒకమాట అన్నారు. "క్లీనింగ్ అయిన కొత్తలో సిరప్ బాగా చిక్కగా వస్తది. రోజులు గడిచేకొద్దీ పల్చబడతది. పాన్ దగ్గరోళ్లు మా మీద కేకలేస్తారు." ట్యూబుల్లో పొలుసు కడుతుంది, దాంతో వేడి దాటడం తగ్గుతుంది. మనం హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్లో ఫౌలింగ్ ఫ్యాక్టర్ అని రాసేది ఇదే. నాకు సరదా పుట్టింది. ల్యాబ్ కెమిస్ట్ గారిని అడిగితే లాగ్ బుక్ చూసుకోమన్నారు. ఒక క్లీనింగ్ నుంచి ఇంకో క్లీనింగ్ దాకా సిరప్ బ్రిక్స్ అంతా నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. 60 దగ్గర మొదలై, చివరి రోజుకి 54కి దిగింది.

54 అయితే ఏమవుతుంది? 100 కిలోల రసానికి 25 బదులు 27.8 కిలోల సిరప్ వస్తుంది. అంటే 2.8 కిలోల నీళ్లు ఎక్కువగా పాన్‌కి వెళతాయి. ఆ ఫ్యాక్టరీ రోజుకి 1200 టన్నులు ఆడుతుంది, గంటకి 50 టన్నులు. రసం బరువు దాదాపు చెరకు బరువంత ఉంటుందనుకుంటే గంటకి 1.4 టన్నుల నీళ్లు అదనంగా పాన్‌లో ఎగరాలి. పాన్ సింగిల్ ఎఫెక్ట్. అక్కడ కిలో నీటికి సుమారు కిలో స్టీమ్ కావాలి. అదే నీళ్లు క్వాడ్‌లో ఎగిరి ఉంటే అందులో పావు వంతుతో అయిపోయేది. గంటకి ఒక టన్నుకి పైగా స్టీమ్ ఎక్కువ ఖర్చన్నమాట.

ఇదంతా నేను ఏ మార్కుల కోసమూ చేయలేదు. నోట్‌బుక్ హాస్టల్ పెట్టెలో అడుగున పడి ఉంది. డబ్బులిచ్చి కొన్న సర్టిఫికెట్ మాత్రం రెజ్యూమేలో పైన ఉంది. మనం నేర్చుకున్నదానికీ, మనం నేర్చుకున్నామని చూపించుకోవాలనుకునేదానికీ మధ్య ఇంత దూరం ఎందుకు వచ్చిందో ఒకసారి ఆలోచించండి.

లెక్క కుదరాలి

మనకి ఫస్ట్ నేర్పించేది మాస్ బ్యాలెన్స్. లోపలికి వచ్చింది, బయటికి పోయింది, లోపల తయారైంది, ఖర్చయింది, మిగిలింది. లెక్క కుదరకపోతే ఎక్కడో లీకు ఉంది, లేదా ఎవరో తప్పు రీడింగ్ రాశారు. రెజ్యూమేకి కూడా ఇదే పరీక్ష పెట్టుకోమంటాను. నాలుగేళ్లలో మీలోకి వెళ్లిందెంత, కాగితం మీదకి వచ్చిందెంత? వెళ్లినదాని కంటే వచ్చింది ఎక్కువ ఉంటే, ఎదురుగా కూర్చున్న ఇంజనీరు దాన్ని పట్టుకుంటాడు. ఆయన రోజూ చేసే పని అదే కదా.

ఆగస్టు దెబ్బ తర్వాత నేను కొత్త ఫైలు తెరిచి మళ్లీ మొదటి నుంచి రాశాను. ఏం చేశానో చెబుతాను, మీకు పనికొస్తే వాడుకోండి.

మొదట ‘ఆబ్జెక్టివ్’ పీకేశాను. ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో నా స్కిల్స్ ఉపయోగించి సంస్థ ఎదుగుదలకి తోడ్పడతాను అనే ఆ వాక్యం 60 మందిలో 60 మందికీ ఉంది. దాని బదులు ఒక్క లైను రాశాను: కెమికల్ ఫైనలియర్, ఇవాపరేషన్, హీట్ ట్రాన్స్‌ఫర్ లెక్కల్లో ఆసక్తి, షిఫ్టుల్లో పనిచేయడానికి సిద్ధం. ప్లాంటు వాళ్లకి ఆ చివరి ముక్క చాలా ముఖ్యమని తర్వాత తెలిసింది. చాలామంది చేరిన మూడు నెలలకే నైట్ షిఫ్టులు పడక మానేస్తారట.

తర్వాత ప్రాజెక్టులు. పాత లైను, ‘క్రూడ్ డిస్టిలేషన్ యూనిట్ సిమ్యులేషన్ చేశాను’. కొత్త లైను, ‘బెంజీన్–టోలీన్ సమాన మోల్ ఫీడ్, గంటకి 100 కిలోమోల్, పైన 95 శాతం, కింద 5 శాతం బెంజీన్. మెకేబ్–తీలే పద్ధతిలో చేత్తో వేసి, సిమ్యులేషన్‌తో సరిచూశాను. రిఫ్లక్స్ నిష్పత్తి 1.65, ఆదర్శ స్టేజీలు సుమారు 12.’ చూడ్డానికి చిన్నదే. కానీ అందులో ప్రతి అంకె నాది. కనీస రిఫ్లక్స్ ఎంత అంటే సుమారు 1.1 అని చెప్పగలను, దానికి ఒకటిన్నర రెట్లు ఎందుకు తీసుకున్నానో చెప్పగలను, రిఫ్లక్స్ పెంచితే స్టేజీలు తగ్గుతాయి గానీ రీబాయిలర్, కండెన్సర్ రెండింటి మీదా బరువు పెరుగుతుందని బొమ్మ గీసి చూపించగలను.

క్రియ, పరికరం, అంకె. ఈ మూడూ లేని లైను తీసేయండి. ‘హీట్ ఎక్స్‌ఛేంజర్ల గురించి నాకు మంచి అవగాహన ఉంది’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ల్యాబులో డబుల్ పైప్ ఎక్స్‌ఛేంజర్ మీద నాలుగు ఫ్లో రేట్ల దగ్గర ఓవరాల్ కోఎఫిషియెంట్ కొలిచాను, వేడి నీరు కోల్పోయిన వేడికీ చల్లనీరు తీసుకున్న వేడికీ 12 శాతం తేడా వచ్చింది’ అంటే, ఇంటర్వ్యూ చేసేవాడికి అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది: "ఆ 12 శాతం ఎక్కడికి పోయింది?" మీకు జవాబు తెలిసిన ప్రశ్నని మీరే వాళ్ల చేతిలో పెట్టినట్టు. ఆ తేడా దాచి, లెక్క కుదిరినట్టు రికార్డులో రాసినవాడికి ఈ అవకాశం రాదు.

సాఫ్ట్‌వేర్ల దగ్గర నక్షత్రాలు, నీలం గీతలు పెట్టకండి. హైసిస్ నాలుగు నక్షత్రాలు అంటే ఏమిటి? ‘హైసిస్ – ల్యాబ్ కోర్సు, మూడు యూనిట్లు’ అంటే చాలు. ఎక్సెల్‌ని చిన్నచూపు చూడకండి. గోల్ సీక్, సాల్వర్ వాడి లెక్కలు చేసి ఉంటే ఏ లెక్కకి వాడారో రాయండి.

ఇండస్ట్రియల్ విజిట్‌ని ఇంటర్న్‌షిప్‌గా మార్చకండి. బస్సులో వెళ్లి, హెల్మెట్ పెట్టుకుని, రెండు గంటలు నడిచి, సమోసా తిని వచ్చాం. అది విజిటే. కానీ ఆ రెండు గంటల్లో కూలింగ్ టవర్ దగ్గర నిలబడి లోపలి నీటికీ బయటి నీటికీ తేడా ఎంతో అడిగి రాసుకున్నవాడికి రాయడానికి ఒక లైను ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. నిజంగా ఏదైనా ప్లాంటులో పనిచేస్తే, వాళ్ల రీడింగులు బయట రాయొచ్చో లేదో అడగండి. నేను కెమిస్ట్ గారికి ఫోన్ చేసి అడిగి, ఫ్యాక్టరీ పేరు లేకుండా రాశాను. ఒకరి డేటా ఇంకొకరికి చెప్పే ట్రైనీని ఏ కంపెనీ ఇష్టపడదు.

అన్నీ ఒక్క పేజీలో. పదో తరగతి వ్యాసరచన పోటీ బహుమతి, తండ్రి పేరు, మతం, వివాహ స్థితి, ‘పై వివరాలన్నీ సత్యమని ప్రమాణం చేస్తున్నాను’ అన్నవన్నీ తీసేస్తే చోటు దానంతట అదే వస్తుంది. ఆ ప్రమాణం సంగతికొస్తే, నా పాత రెజ్యూమేలో అది కూడా ఉండేది. కింద సంతకం కూడా చేశాను.

అందరూ రాస్తుంటే?

ఈ మాట మా రూమ్మేట్ అన్నాడు, నాతో గట్టిగానే వాదించాడు. "నువ్వు నిజం రాస్తావ్. పక్కనోడు మూడు ఇంటర్న్‌షిప్‌లు రాస్తాడు. కంప్యూటర్ ఫిల్టర్లో నీది ఎగిరిపోతుంది, వాడిది నిలుస్తుంది. అప్పుడు నీ నిజాయితీ ఏం చేసుకుంటావ్?"

వాడి మాట కొట్టిపారేయలేను. నిజంగానే జరుగుతుంది అది. వందల రెజ్యూమేల్లో మాటలు వెతికి వడపోసే సాఫ్ట్‌వేర్‌కి మీ నిజాయితీ కనిపించదు. దానికి నా జవాబు ఏంటంటే, మీకు వచ్చిన వాటిని వాళ్లు వాడే మాటల్లోనే రాయండి. ఉద్యోగ ప్రకటనలో మాస్ బ్యాలెన్స్, హీట్ ఎక్స్‌ఛేంజర్, పీ అండ్ ఐడీ అని ఉంటే, మీరు నిజంగా చేసినవాటిని అవే పేర్లతో పిలవండి. నేను మొదట ‘ట్యూబుల్లో పొలుసు’ అన్నట్టు రాస్తే మా మేడమ్ దిద్ది ఫౌలింగ్ అని రాయించారు. ఇది పెంచి రాయడం కాదు, ఉన్నదాన్ని సరైన పేరుతో పిలవడం. అప్పటికీ కొన్ని చోట్ల ఓడిపోతాం. ఓడిపోతామని తెలిసే చెబుతున్నాను.

వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "అందరి నాన్నలూ ఫ్యాక్టరీలో ఉండరు కదరా. మాకు ఏముంది రాయడానికి?" ఇది న్యాయమైన ప్రశ్న. వాళ్ల నాన్నగారిది కిరాణా షాపు. కాసేపు మాట్లాడితే తేలింది ఏంటంటే, వాడు సెకండియర్ నుంచీ హాస్టల్ ఆర్వో ప్లాంటు బాధ్యత చూస్తున్నాడు. మెంబ్రేన్ ఎప్పుడు మార్చారు, ఎన్ని లీటర్ల నీళ్లు వృథాగా పోతున్నాయి, టీడీఎస్ ఎంత ఉంది అన్నవన్నీ వాడి ఫోన్లో ఉన్నాయి. ఆ వృథా నీటిని బాత్రూములకి మళ్లించమని వార్డెన్‌కి లెటరు రాసింది కూడా వాడే. అది ప్రాసెస్ ఇంజనీరింగ్ కాకపోతే మరేంటి? వాడి రెజ్యూమేలో మాత్రం ఉన్నది ఆ అన్న క్రూడ్ యూనిటే.

ఇక అసలు కారణం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అప్పుడు మా బ్యాచ్ వాళ్లం లాక్‌డౌన్‌లో పదో తరగతి పరీక్షలు ఎప్పుడు పెడతారా అని ఇంట్లో కూర్చుని ఉన్నాం. రోడ్డు పక్కన పడిపోయిన మనుషుల్ని, పశువుల్ని టీవీలో చూశాం. ఆగి ఉన్న ప్లాంటులో, ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి, తనంతట తానే పాలిమర్‌గా మారడం మొదలైంది. ఆ చర్య నుంచి ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా పెరుగుతుంది. ట్యాంకు పై భాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేకపోవడాన్ని ప్రభుత్వం వేసిన కమిటీ ఎత్తి చూపింది. కింద థర్మామీటరు చూపించే అంకె ఒకటి, పైన జరుగుతున్నది ఇంకొకటి.

దీనికీ రెజ్యూమేకీ ఏం సంబంధం అంటారేమో. నేనేదో రెజ్యూమేలో అబద్ధాల వల్ల ప్రమాదాలు జరుగుతాయని అనడం లేదు. కానీ మన ఉద్యోగం అంటే, ఒక అంకె మీద నమ్మకం పెట్టుకుని ఇంకొకరు వాల్వు తిప్పడం. రాత్రి 3 గంటలకి రియాక్టర్ రీడింగ్ తీయకుండా, పాత గంట రీడింగ్ చూసి ‘అంతే ఉంటుందిలే’ అని రాసేసే అలవాటు ఒక్కరోజులో రాదు. ల్యాబు రికార్డులో పక్కవాడి రీడింగులు ఎక్కించుకోవడంతో మొదలవుతుంది. కొన్న సర్టిఫికెట్‌తో ముదురుతుంది. నాకు అది ఎంతవరకు ముదిరిందో ఆ 500 డిగ్రీల రోజు తెలిసింది. అడిగింది ఇంటర్వ్యూలో కాబట్టి సరిపోయింది. అదే కంట్రోల్ రూములో ఎవరైనా "ఎంత పెట్టమంటావ్?" అని అడిగి ఉంటే?

భాషలు: తెలుగు

మన క్లబ్ పత్రిక కాబట్టి ఇది కూడా చెప్పాలి. రెజ్యూమేలో ‘భాషలు’ అని ఒక వరస ఉంటుంది. అందరం ఇంగ్లిష్, హిందీ, తెలుగు అని రాసి వదిలేస్తాం. తెలుగుని చివర్న, మొహమాటానికి పెట్టినట్టు.

ప్లాంటులో సూచనలు, డ్రాయింగులు ఇంగ్లిష్‌లో ఉంటాయి. వాల్వు తిప్పే ఆపరేటర్ మాట్లాడేది మాత్రం మన దగ్గర చాలాచోట్ల తెలుగే. మధ్యలో నిలబడేది మనం. నాన్న ఎప్పుడూ అంటారు, "కొత్త ఇంజనీర్లు వస్తారు, ఇంగ్లిష్‌లో చదివి వెళ్లిపోతారు, మాకు సగం అర్థం కాదు, అడగడానికి మొహమాటం." పోయినేడాది మన క్లబ్ తరఫున నలుగురం కలిసి కెమికల్ ల్యాబు సేఫ్టీ సూచనల్ని తెలుగులో రాసి గోడకి అంటించాం, గుర్తుందా? ఆసిడ్‌ని నీళ్లలో పోయాలి గానీ నీళ్లని ఆసిడ్‌లో పోయకూడదు అన్నదాన్ని ఎలా రాస్తే తడబాటు ఉండదో అని అరగంట కొట్టుకున్నాం. ల్యాబ్ అటెండర్ గారు ఇప్పుడు ఫస్టియర్ వాళ్లకి దాన్నే చదివి వినిపిస్తున్నారు. నేను దాన్ని రెజ్యూమేలో ఒక లైనుగా రాశాను. రెండో ఇంటర్వ్యూలో అడిగిన మొదటి ప్రశ్న దాని గురించే.

రెండో ఇంటర్వ్యూ, తర్వాత

రెండో ఇంటర్వ్యూ నవంబరులో జరిగింది. ఇవాపరేటర్ లైను చూసి ఒక మేడమ్ అడిగారు: "బ్రిక్స్ తగ్గింది పొలుసు వల్లే అని ఎలా చెప్పగలవు? రసం ఫ్లో పెరిగినా తగ్గుతుంది కదా?"

నాకు గొంతులో తడి ఆరిపోయింది. కానీ ఈసారి తప్పించుకోవాల్సిన పని లేదు. "రసానికి ఫ్లో మీటర్ లేదు మేడమ్. రోజూ ఆడిన చెరకు టన్నుల్ని బట్టి ఫ్లో ఇంచుమించు ఒకటేనని అనుకున్నాను. అది నా లెక్కలో బలహీనత" అన్నాను. "పాన్‌కి ఏ స్టీమ్ వాడతారు?" అంటే, "పాత ఫ్యాక్టరీ మేడమ్, ఎగ్జాస్ట్ స్టీమే. మొదటి బాడీ ఆవిరి వాడి ఉంటే నేను చెప్పిన నష్టం తగ్గేది" అన్నాను. ఇరవై నిమిషాలు ఆ ఒక్క లైను మీదే మాట్లాడుకున్నాం. ఆ ఇరవై నిమిషాల్లో నేను ఇంటర్వ్యూలో ఉన్నానన్న సంగతి మర్చిపోయాను.

అది కూడా రాలేదు. ఇద్దర్ని తీసుకున్నారు, నేను మూడోవాణ్ణి. జనవరిలో ఇంకోచోట ట్రైనీగా ఆఫర్ వచ్చింది, జీతం మా బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిన వాళ్లలో చాలామంది కంటే తక్కువే. జులైలో చేరతాను. నిజం రాస్తే అదృష్టం వరిస్తుందని నేను చెప్పడం లేదు. ఆ రెండు ఇంటర్వ్యూల నుంచి బయటికి వచ్చినప్పుడు నేను నడిచిన తీరు వేరు, అంతవరకే చెప్పగలను.

చివరిగా ఒక్క సంగతి. నవంబరు ఇంటర్వ్యూకి ముందు రెజ్యూమేలో ఇవాపరేటర్ లైను రాసి, నాన్నకి ఫోన్ చేసి తెలుగులో చదివి వినిపించాను. ‘12 రోజుల వ్యవధిలో’ అని రాశాను నేను. నాన్న కాసేపు ఆలోచించి, "పన్నెండు కాదురా, పద్నాలుగు. మధ్యలో రెండ్రోజులు మిల్లు ఆగింది కదా, నువ్వు అవి వదిలేశావ్. ఆగినప్పుడు కూడా క్వాడ్‌లో రసం ఉంది, పొలుసు కడతానే ఉంటది" అన్నారు. నోట్‌బుక్ తీసి చూస్తే నిజమే. 14 అని దిద్దాను.

జూనియర్లూ, మీ రెజ్యూమే పంపే ముందు ఆ పని జరిగినప్పుడు పక్కన ఉన్న మనిషికి ఒకసారి చదివి వినిపించండి. ల్యాబు అటెండర్ కావచ్చు, ప్రాజెక్టు పార్ట్‌నర్ కావచ్చు, వార్డెన్ కావచ్చు. వాళ్ల ఎదుట చదవడానికి ఇబ్బందిగా అనిపించిన లైను ఏదైనా ఉంటే, అది తీసేయండి. నా పాత రెజ్యూమే, కొత్తది రెండూ క్లబ్ గదిలో ఫైలులో పెట్టాను, చూసుకోండి. కాపీ మాత్రం కొట్టకండి.